డెబ్బై రెండు కిలోల మనిషి

ఆస్పత్రిలో సూది వేసిన అమ్మాయి ఇరవై నిమిషాలు కూర్చోమంది. కూర్చోవడం కూడా ఒక పనేనని ఈ ఏడాదే తెలిసింది నాకు. కుడి మోకాలు దానంతటది ఎగురుతూ ఉంటుంది. చేత్తో నొక్కి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, ఆ చేతి మీద రెండో చెయ్యి వేస్తే రెండూ కలిసి వణుకుతాయి. ఇక్కడ ఏడు కుర్చీలూ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉన్నాయి, ఈ చివర నా కాలు ఆడితే ఆ చివర కూర్చున్న పెద్దావిడ చేతిలో టీ ఒలుకుతోంది. ఆవిడ ఒకసారి చూసింది, రెండోసారి చూసింది, మూడోసారి లేచి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. పక్కనున్నది కోడలు కాబోలు, నా వైపు గుడ్లురిమింది. ఏం చెయ్యనమ్మా, నా కాలు నా మాట వినడం లేదు అని చెప్పాలనిపించింది, చెప్పలేదు. ఈ మధ్య మాట్లాడటం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

మోచేతి మడతలో దూది, దాని మీద టేపు. సూది వేసిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. సూది వెయ్యక ముందు సిరంజీని ఒక యంత్రం ముందు పెట్టి అంకె రాసుకుంది, వేశాక ఖాళీ సిరంజీని మళ్లీ అక్కడే పెట్టి మళ్లీ రాసుకుంది. ఖాళీదాన్ని ఎందుకమ్మా కొలవడం అన్నాను. "సూదిలో కొంచెం మిగిలిపోతుంది కదండీ. మీ ఒంట్లోకి నిజంగా ఎంత పోయిందో తెలియాలంటే మిగిలింది తీసెయ్యాలి" అంది. ఆ మాటకి ఆ పిల్ల మీద ఎక్కడలేని గౌరవం కలిగింది నాకు. ఇరవై ఆరేళ్లుగా తూనికల తనిఖీ చేస్తున్నాను. ఖాళీ డబ్బా బరువు తీసి చెప్పండయ్యా అని దుకాణాల వాళ్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టినవాణ్ణి. ఇక్కడ ఒక చిన్నపిల్ల ఎవరూ చెప్పకుండానే చేస్తోంది. ఈ సంగతి ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాలి అనుకున్నాను, ఆ తర్వాత గుర్తొచ్చింది, ఇంట్లో ఆవిడ లేదు. ఐదు నెలలైంది, ఇంకా రోజుకి రెండుసార్లైనా ఇలా మర్చిపోతూనే ఉన్నాను.

లోపలికి రాగానే ఒక కాగితం నింపమన్నారు. వయసు యాభై మూడు. బరువు అరవై మూడు. ఆ అంకె రాస్తుంటే పెన్ను ఆగింది, ఎవరిదో బరువు దొంగతనంగా రాస్తున్నట్టు. తోడు వచ్చినవారి పేరు అన్న చోట ఒక గీత గీశాను. ఈ గదిలో అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు. పెద్దావిడకి కోడలు, అవతల మెడకి పట్టీ కట్టుకున్న మనిషికి తమ్ముడు, చంకలో ఫైలు పెట్టుకున్న అమ్మాయికి వాళ్లమ్మ. అందరూ చలికి శాలువాలూ స్వెట్టర్లూ వేసుకొచ్చారు, నాకొక్కడికే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మా ఆఫీసులో ఫ్యాను దగ్గర రోజూ గొడవే. నేను తిప్పుతాను, గుమాస్తాలు ఆపుతారు. ఇంట్లో అయితే ఆ గొడవా లేదు, మూడు గదుల్లో మూడు ఫ్యాన్లూ తిరుగుతాయి, ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా ఏమైనా అంటే బాగుండును.

వచ్చిన జబ్బు పేరు నన్నిక్కడికి పంపిన డాక్టరమ్మ ఎంత తేలిగ్గా చెప్పిందో. అంతకు ముందు రెండు నెలలు ఇంకో డాక్టరు దగ్గర తిరిగాను, ఆయన గుండె దడ అంటే గుండెకి ఒక మాత్ర, నిద్ర పట్టదంటే నిద్రకి ఒక మాత్ర ఇచ్చాడు. భార్య ఊళ్లో లేదని తెలిశాక జాలిగా చూసి, ఒంటరితనం సార్, మనుషుల్లో తిరగండి అన్నాడు. మనుషుల్లో తిరిగాను. గుండె దడ వాళ్లకీ వినిపిస్తుందేమోనన్న భయంతో దూరంగా నిలబడి తిరిగాను. ఈ డాక్టరమ్మ మాత్రం మాత్రల ఊసెత్తలేదు. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు విడదీయమంది, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచింది. కాగితం అంచులు గలగలా ఆడాయి, గాలి లేని గదిలో. ఆ తర్వాత నేల మీద గొంతుక్కూర్చోమంది, దేన్నీ పట్టుకోకుండా లెమ్మంది. లేవలేకపోయాను. యాభై మూడేళ్ల మగవాణ్ణి, ఇరవై కిలోల తూనికరాయిని ఒక్క చేత్తో దించేవాణ్ణి, నేల మీద కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని చివరికి ఆవిడ బల్ల పట్టుకుని లేచాను. ఆవిడ నవ్వలేదు. మంచినీళ్లు ఇచ్చి, నేను గుటక వేస్తుంటే మెడ వైపు చూస్తూ, "ఎన్నాళ్ల నుంచి సార్ ఇలా?" అంది.

ఆ ప్రశ్నకే నేను ఇవాళ ఇక్కడ కూర్చుని ఉన్నాను. ఎన్నాళ్ల నుంచి.

రక్తపరీక్ష కాగితం చూపిస్తూ వివరంగా చెప్పింది పాపం. మెడలో థైరాయిడ్ గ్రంథి, తలలో దానికి పని చెప్పే ఇంకో గ్రంథి. పైది ఎంత కావాలో అంత హుకుం పంపుతుంది, కిందిది అంత తయారు చేస్తుంది. మీ కాగితంలో పైవాడి హుకుం సున్నా, అయినా ఒంట్లో సరుకు మాత్రం పొంగిపొర్లుతోంది అంది. ఒళ్లంతా పొయ్యి మీద పెట్టినట్టు పరిగెత్తేది అందుకే. తిన్నది తిన్నట్టు కాలిపోయేదీ, కండ కరిగేదీ, చెమట, దడ, వణుకు, విరేచనాలు, నిద్రలేమి అన్నీ ఒక్కదాని వల్లే. కోపం కూడానా డాక్టరుగారూ అన్నాను. "చాలావరకు" అంది. చాలావరకు అంటే ఎంత? నా ఉద్యోగంలో ఆ కొలత లేదు. గ్రాముకి గ్రాము అడిగేవాణ్ణి, ఆ ఒక్క మాటని రెండు వారాలుగా చేతిలో పట్టుకుని అటూ ఇటూ తూస్తున్నాను.

అయితే సరుకు పొంగిపొర్లడానికి రెండు కారణాలు ఉంటాయట. గ్రంథి అదుపు తప్పి అదేపనిగా తయారు చేస్తూ ఉండొచ్చు. లేదా గ్రంథి వాచి, పాత నిల్వంతా రక్తంలోకి కారిపోతూ ఉండొచ్చు. రెంటికీ లక్షణాలు ఒకటే, వైద్యం మాత్రం వేరు. కారడమే అయితే పెద్దగా మందు అక్కర్లేదు, రెండు మూడు నెలల్లో నిల్వ అయిపోతుంది, దానంతటదే సర్దుకుంటుంది. తయారీ అయితే ఏడాదీ ఏడాదిన్నరా మాత్రలు మింగాలి, అప్పటికీ లొంగకపోతే ఇంకేవో ఉన్నాయి. ఏదో తేల్చడానికే ఈ సూది. తయారు చేసే గ్రంథి సూదిమందుని గటగటా తాగేస్తుంది, వాచిన గ్రంథి ముట్టుకోదు. ఆవిడ మామూలుగా చెప్పుకుంటూ పోతోంది, నేను మధ్యలో ఆపాను. కారడమే అయితే మూడు నెలలకి మించి ఉండదా అన్నాను. "సాధారణంగా ఉండదండీ." తయారీ అయితే? "ఏడాది నుంచీ ఉన్నా ఉండొచ్చు, మీరు గమనించుకోలేదేమో." అప్పుడు నా వీపు మీద చెమట చల్లబడింది. ఎందుకంటే కాగితం మిల్లుకి నేను వెళ్లింది ఏడు నెలల క్రితం.

మా డిపార్టుమెంటులో నా పేరు డెబ్బైరెండు. ఎదురుగానే పిలుస్తారు, డెబ్బైరెండు గారొచ్చారా, డెబ్బైరెండు గారికి టీ చెప్పండి. ఉద్యోగంలో చేరిన మూడో ఏట నా బరువు డెబ్బై రెండు కిలోల దగ్గర ఆగింది, మళ్లీ కదల్లేదు. పెళ్లి భోజనం తిన్నా డెబ్బై రెండే, పస్తున్నా డెబ్బై రెండే అని జోకులు. గోదాముల్లో పెద్ద కాటా తనిఖీకి వెళ్లినప్పుడు, వ్యానులోంచి ఇనప రాళ్లు దించక ముందు, మేమందరం ఒకసారి కాటా ఎక్కి చూస్తాం. రూలు పుస్తకంలో లేని పనే, పాతకాపులందరూ చేస్తారు. కాటా మరీ తేడాగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. కుర్రాళ్లు వాళ్ల బరువు వాళ్లకే నమ్మకం లేక నన్నెక్కమనేవాళ్లు. నేను ఎక్కేవాణ్ణి, ముల్లు డెబ్బై రెండు దగ్గర నిలబడేది, నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి, నాకు ఇది దొరికింది. ఒంటి బరువు చూసుకుని గర్వపడేవాడు లోకంలో నేనొక్కణ్ణే అనేది మా ఆవిడ.

ఆ మిల్లులో తూకం గుమాస్తా మా బావమరిది. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు, పధ్నాలుగేళ్లుగా ఆ తూకం గదిలోనే ఉన్నాడు. చిన్న చిన్న వాళ్లు రిక్షాల మీద పాత కాగితాలు తెస్తే తూచి చీటీ రాసివ్వడం వాడి పని. ఆ కాటా తక్కువ చూపిస్తే నష్టం ఆ తెచ్చినవాళ్లకి, దొంగతనం గుమాస్తా మీదికి. తనిఖీకి వేరేవాళ్లని పంపమని అడగొచ్చు, అడగలేదు. మనవాడైతే మాత్రం ఏం, కాటా కాటాయే అన్నాను. ఈ మాట పదిమంది ముందు అన్నాను, అందుకు మెచ్చుకున్నారు కూడా. వెళ్లాను. రూలు ప్రకారం వాణ్ణి బయట ఆఫీసు గదిలో కూర్చోమని పంపించాను. నేనెక్కాను. అరవై ఆరు. దిగి, ముల్లు సున్నాకి తెచ్చి, మళ్లీ ఎక్కాను. అరవై ఆరే. ఇరవై మూడేళ్లలో మొదటిసారి ఒక కాటా నాతో అబద్ధం చెబుతోందని ఒళ్లు మండిపోయింది. రాళ్ల సంగతి ఇప్పుడొద్దు. వాణ్ణి పిలిచి, ఆరు కిలోలు కొడుతోంది నీ కాటా, ఎన్నాళ్లుగా సాగుతోంది ఈ వ్యవహారం అన్నాను. వాడు నా మొహం వైపు చాలాసేపు చూశాడు. ఏదో అడిగాడు, నేనేదో చెప్పాను. "అయితే సరే బావగారూ" అన్నాడు. అంతే. తప్పు చెయ్యనివాడైతే అరవడూ? మౌనం అర్ధాంగీకారమన్నట్టు ఆ నిమ్మళం చూసే నాకు నమ్మకం కుదిరింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడికి నాలుగో కాలు కళ్లముందు ఆడించినా కనపడదు.

మిల్లు వాళ్లు పరువు పోతుందని ఆ కాటాని నెల తిరక్కుండా తుక్కు కింద అమ్మేసి కొత్తది పెట్టారు. ఒక ఎంక్వయిరీ జరిపి, వాణ్ణి తూకం గదిలోంచి తీసేసి యార్డులో కాగితం బేళ్లు ఎత్తే పనిలో వేశారు. నలభై ఐదేళ్లవాడు, పెన్ను తప్ప ఏమీ ఎత్తి ఎరగనివాడు. మా ఆవిడ రెండు నెలలు నాతో ఏమీ అనలేదు, వంట చేసింది, పెట్టింది, తనూ తింది. ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకి తయారవుతుంటే తలుపు దగ్గర నిలబడి నా నడుము వైపు చూస్తూ, "కాటాకి కాదేమో జబ్బు, మీకేమో. ఒకసారి ఆస్పత్రికి పోదాం రండి" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ తమ్ముడి తప్పు నా ఒంటి మీదికి తోస్తావా?" అన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ పని. బెల్టుకి కొత్తగా మూడు బెజ్జాలు పొడుచుకున్నారు, అవీ మా తమ్ముడే పొడిచాడా?" అంది. నిజమే, టూల్‌బాక్సులో తోలుకి బెజ్జం పొడిచే ఆరె ఉంది కదాని నేనే పొడుచుకున్నాను, ఒక్కోసారి ఒక్కొక్కటి, ఏమీ ఆలోచించకుండా. అప్పుడు నేనో మాటన్నాను. మీ ఇంటి వాళ్లకి చేతివాటం ఉందని పెళ్లికి ముందే మావాళ్లు చెప్పారు, విన్నాను కాను అన్నాను. ఎవరూ చెప్పలేదు. అక్కడికక్కడ పుట్టించాను. ఆవిడ ఏడవలేదు. తమ్ముడికి నడుం పట్టేసిందట, నాలుగు రోజులు ఉండి వస్తానని సంచి సర్దుకుంది. నాలుగు రోజులు ఐదు నెలలయ్యాయి.

ఆదివారం ఫోను చేస్తుంది. నీళ్ల ట్యాంకు కడిగించారా, పాలవాడు సరిగ్గా వస్తున్నాడా అంటుంది. కడిగించాను అంటాను, వస్తున్నాడు అంటాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఫోను పట్టుకుని ఊరుకుంటాం, అవతల వాళ్లింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడు ఆగకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది. సరే ఉంటాను అంటుంది. ఇప్పటికీ గ్లాసుతో బియ్యం కొలిస్తే ఇద్దరికే కొలుస్తాను, చెయ్యి అలవాటు. ఇద్దరిదీ నేనే తింటాను, తిన్న గంటకి మళ్లీ ఆకలి. అయినా చిక్కిపోతూనే ఉన్నాను. మూడు నెలల క్రితం ఒక విత్తనాల గోదాములో కాటా ఎక్కితే అరవై నాలుగు చూపించింది. ఆ రోజు రాళ్లు దించి చూశాను, కాటా ఖచ్చితంగా ఉంది. గోదాము మెట్ల మీద కూర్చుండిపోయాను. కానీ మనసుకి చెప్పుకోవడం ఎంతసేపు, ఆవిడ వెళ్లాక సరైన తిండి లేక చిక్కాను, మిల్లు రోజున నేను డెబ్బై రెండే, ఆ కాటాయే తప్పు అని చెప్పుకున్నాను. ఒంటరి మగవాడు చిక్కడం లోకంలో ఉన్నదే కదా. ఆ కాటా ఇప్పుడు లేదు, కరిగించి ఎక్కడ ఏ తలుపు గొళ్లెం చేశారో. ఆ రోజు నా ఒంట్లో ఈ జబ్బు ఉందో లేదో చెప్పగలిగిన సాక్షి ఇంక నా మెడలోదే.

కారడమే అవ్వాలి. పొద్దున్నించీ లోపల జపిస్తున్నది అదే. కారడమే అయితే జబ్బు మూడు నెలల నాటిది, దానంతటదే పోతుంది, నా తనిఖీ నిలబడుతుంది. కానీ అప్పుడు బావమరిది దొంగ. ఇంకా ఉంది, అప్పుడు మా ఆవిణ్ణి అన్న మాట ఏ గ్రంథీ అనలేదు, నేనే అన్నాను, ఒళ్లు చల్లగా ఉండగా. తయారీ అయితే వాడు మంచివాడు, నా కోపానికి చాలావరకు ఒక కారణం ఉంది, ఆవిడతో చెప్పుకోడానికి ఒక కాగితం ఉంటుంది. కానీ ఒక నిర్దోషి ఏడు నెలలుగా యార్డులో బేళ్లు మోస్తున్నాడు. ఏది కావాలో నాకే తెలియడం లేదు. ఒక పళ్లెంలో ఏది వేసినా రెండోదాంట్లో ఆవిడే కూర్చుంటోంది. గడియారం పద్దెనిమిది నిమిషాలు దాటింది. పెద్దావిడ మళ్లీ వచ్చి కూర్చుని, కప్పు కింద పెట్టి కోడలి భుజం మీద తల వాల్చింది. కోడలు తల కదలకుండా పుస్తకం తిరగేస్తోంది.

"రండి సార్" అని సూది వేసిన అమ్మాయి పిలిచింది. లోపల గది ఇంకా చల్లగా ఉందట, దుప్పటి ఇవ్వబోయింది, వద్దన్నాను. సన్నటి బల్ల మీద పడుకోబెట్టి భుజాల కింద దిండు పెట్టింది, తల వెనక్కి వాలి మెడ పైకి లేచింది. మెడ మీదికి గుండ్రటి పెద్ద పళ్లెంలాంటి కెమెరా దించింది. "పది నిమిషాలు కదలొద్దు సార్. మాట్లాడొద్దు, గుటక కూడా వీలైతే వెయ్యొద్దు." కదలొద్దనగానే ఒళ్లంతా కదలాలని గోల. ఆ అమ్మాయి నా చేతుల వణుకు చూసి, ఏమీ అనకుండా రెండు చేతుల మీదుగా ఒక వెడల్పాటి పట్టీ వేసి బిగించింది. ఐదు నెలల్లో నన్ను ఎవరైనా ముట్టుకుని అంతసేపు పని చెయ్యడం ఇదే. మంగలి తప్పిస్తే. కళ్ల నీళ్లు తిరిగాయి, తుడుచుకోడానికి చేతులు లేవు, చెవుల్లోకి జారాయి.

కప్పు మీద ఒక పెచ్చు ఊడిన చోటు ఉంది, దాన్నే చూస్తున్నాను. గుండె నూట పద్దెనిమిది, లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. కదలకుండా ఉన్నవాడి దగ్గరికి అన్నీ నడిచి వస్తాయి. రాళ్లు వచ్చాయి. ఇప్పుడొద్దని ఏడు నెలలుగా తోస్తున్న రాళ్లు. ఇరవై కిలోలవి ఐదు, చెక్కపెట్టెలో, వ్యాను వెనక. ఆ రోజు డ్రైవరు సెలవు. కాటా అరవై ఆరు చూపించాక నేను రాళ్ల కోసమే బయటికి వచ్చాను, వ్యాను దాకా వెళ్లాను, తలుపు హేండిలు మీద చెయ్యి కూడా వేశాను. భుజాలు పీకుతున్నాయి. తొడలు నీళ్లయిపోతున్నాయి. వారం ముందు ఇంకోచోట ఒక్క రాయి దించడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, అక్కడి కూలీలు చూసి నవ్వుకున్నారు. ఇప్పుడు ఐదు రాళ్లు దించి, మోసి, ఎక్కించి, మళ్లీ దించి. బావమరిదిని సాయం పిలవడానికి నామోషీ. ఎండ. చెమట. నేనున్నాను కదా, డెబ్బై రెండు కిలోల రాయిని, రెండు కాళ్ల మీద నడిచే రాయిని అనుకున్నాను. తలుపు తెరవకుండానే వెనక్కి తిరిగాను. వాణ్ణి పిలిచాను. వాడు అడిగింది ఇది: "రాళ్లతోనే చూశారు కదా బావగారూ?" నేను చెప్పింది ఇది: "చూశాను." అప్పుడన్నాడు వాడు, అయితే సరే అని. ఆ సాయంత్రం రిపోర్టులో రాశాను, ఎప్పుడూ రాసే వాక్యమే, ప్రమాణ తూనికరాళ్లతో పరీక్షించి నిర్ధారించడమైనది. కింద సంతకం. అక్షరాలు వంకర పోయాయి, చెయ్యి వణికి.

బరువు తీసింది జబ్బు. భుజాల్లో సత్తువ తీసిందీ జబ్బే, కోపం చాలావరకు జబ్బే. ఆ వాక్యం మాత్రం నేను రాశాను. ఏ సూది గుచ్చినా ఆ వాక్యాన్ని ఏ గ్రంథీ తాగదు. గుటక వెయ్యొద్దంది, గొంతులో ఉన్నది దిగడం లేదు, అలాగే పట్టుకుని పడుకున్నాను.

"అయిపోయింది సార్" అంటూ ఆ అమ్మాయి పట్టీ విప్పి, చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టింది. అద్దం అవతల ఇంకో డాక్టరు, జుట్టు నెరిసినాయన, తెర వైపు చూస్తున్నాడు. తెర మీద నల్లటి చీకట్లో రెండు దిట్టమైన మచ్చలు, పక్కపక్కన, నిండుగా వెలుగుతున్నాయి. ఆయన పిలిచి కూర్చోమన్నాడు. "మనం ఇచ్చిన దాంట్లో నాలుగు శాతం లోపు తాగాలి మామూలుగా. మీది ఇరవై రెండు తాగింది. కారడం కాదండీ, తయారీయే. భయపడకండి, మందులున్నాయి" అన్నాడు. ఇరవై రెండు. ఖాళీ సిరంజీని కూడా కొలిచి తేల్చిన అంకె, కాదనడానికి నాకు నోరు లేదు. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని, ఎప్పటి నుంచి బరువు తగ్గుతున్నారు అన్నాడు.

"ఏడు నెలల క్రితం అరవై ఆరు ఉన్నానండీ."

"ఎక్కడ చూసుకున్నారు? ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తాయి. ఆ కాటా సరైనదేనా?"

మామూలుగా అడిగాడు, పెన్ను మూత తీసుకుంటూ. నా జీవితంలో కొన్ని వేల కాటాల మీద ఆ ప్రశ్నకి జవాబు చెప్పాను. అప్పుడెప్పుడూ ఇంత సమయం పట్టలేదు. "సరైనదేనండీ" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

బయట వరండా చివర ఒక కిటికీ ఉంది, కింద సైకిళ్ల స్టాండు, ఎండలో సీట్లు మెరుస్తున్నాయి. ఆదివారం కాదు, బుధవారం. నంబరు నొక్కితే రెండో రింగుకే ఎత్తింది. "ఏవండీ? ఏమైంది?" అంది, ఆ గొంతులో కంగారు విని, అయిదు నెలల తర్వాత ఎవరో నా కోసం కంగారు పడ్డారని సిగ్గులేకుండా సంతోషించాను. చెప్పాను. థైరాయిడ్ అన్నాను, ఏడాది నుంచీ ఉన్నట్టుంది అన్నాను, నువ్వన్నది నిజమే, కాటాది కాదు తప్పు అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "కోపం కూడా దానివల్లేనట" అనబోయాను, నోటి దాకా వచ్చింది, అది చాలు, ఆ ఒక్క మాట అంటే ఆవిడ సాయంత్రం బస్సెక్కేస్తుంది, నాకు తెలుసు. ఆవిణ్ణి ఇరవై నాలుగేళ్లుగా ఎరుగుదును. అయినా అనలేదు. "కాటాది కాదు తప్పన్న మాట నాతో కాదు, వాడితో చెప్పండి. ఇంట్లోనే ఉన్నాడు, ఇస్తానుండండి" అంది. అడుగుల చప్పుడు. మంచం కిర్రుమంది. నడుం పట్టుకుని లేస్తున్నట్టున్నాడు.

"చెప్పండి బావగారూ. అక్క చెప్పింది. ఎలా ఉంది ఒంట్లో?"

ఒంట్లో సంగతి చెప్పలేదు. కిటికీ ఊచ పట్టుకున్నాను, ఊచ కూడా నాతోపాటు ఆడుతోంది. "ఆ రోజు నేను రాళ్లు దించలేదు. చూశానని నీతో అబద్ధం చెప్పాను, రిపోర్టులోనూ అబద్ధం రాశాను. అది జబ్బు కాదు, నేనే" అన్నాను. ఇంకా ఏదో అన్నాను, రేపు ఆఫీసులో రాసిస్తాను, వాళ్లు ఏం చేసినా సరే, నీ గది నీకు ఇప్పిస్తాను అని.

వాడు అన్నీ విన్నాడు. "నాకు తెలుసు బావగారూ" అన్నాడు. "ఆఫీసు గది కిటికీలోంచి వ్యాను కనిపిస్తుంది. మీరు తలుపు మీద చెయ్యేసి వెనక్కి తిరగడం చూశాను."

"మరి ఎంక్వయిరీలో చెప్పలేదేం?"

"చెబితే మీ ఉద్యోగం పోయేది. మా అక్క ఇంట్లో అదొక్కటే కదా ఉన్నది. ఒక ఇంట్లో పోతే చాలనుకున్నాను, రెండిళ్లలో ఎందుకని." అవతల ఏదో తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది, గొంతు తగ్గించాడు. "అక్కకి ఈ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. ఇప్పుడు కూడా, మీరు ఒంట్లో బాగాలేక పొరపాటుపడ్డారనే అనుకుంటోంది, వచ్చేస్తానని సంచి సర్దుకుంటోంది. ఏం చెయ్యమంటారు? అక్కని అలా వచ్చెయ్యనివ్వమంటారా, ఫోను ఇవ్వమంటారా?"

వరండాలో ఎవరో మంచం తోసుకుంటూ పోయారు. చక్రాల చప్పుడు తగ్గేదాకా నిలబడ్డాను.

"ఫోను ఇవ్వు" అన్నాను.